అతికించి ఇచ్చేసిన సేకరణ

పతంజలి యోగసూత్రాలు చెప్పిన ఐదు యమాలలో, అంటే సాధకుడు మొదట అలవరచుకోవలసిన ఐదు నిగ్రహాలలో, చివరిది అపరిగ్రహం. వస్తువును ఆర్జించడంలోను, కాపాడుకోవడంలోను, అది నశించడంలోను, దానిపై పెరిగే సంగంలోను, దానికోసం జరిగే హింసలోను ఉన్న దోషాన్ని గుర్తించి దానిని స్వీకరించకపోవడమే అపరిగ్రహమని వ్యాసభాష్యం వివరిస్తుంది. ఈ లెక్కన సేకర్తకు యోగమార్గంలో చోటే లేదనిపిస్తుంది. కాని అమెరికాలోని పాత బేస్‌బాల్ కార్డుల చరిత్ర ఆ నిర్ణయాన్ని పునరాలోచించమంటుంది.

ఆటగాళ్ల బొమ్మలు ముద్రించిన ఈ చిన్న అట్టలు ఒకప్పుడు సిగరెట్ పెట్టెలలో, తరువాత చూయింగ్ గమ్ పొట్లాలలో వచ్చేవి. పొట్లం విప్పితే గాని లోపల ఎవరి బొమ్మ ఉన్నదో తెలియదు కనుక, రెండోసారి వచ్చిన కార్డును ఇచ్చి తనకు లేనిదాన్ని తెచ్చుకునే మార్పిడి సెట్టు పూర్తిచేసుకోవడానికి దారి అయింది. ఒకరికి మిగులైనది మరొకరి లోటు తీర్చే ఈ ఇచ్చిపుచ్చుకోవడంలో దోషం లేదు. దోషం ఆ ఆశను వాడుకున్న వ్యాపారంలో ఉన్నది: 1933లో బోస్టన్‌కు చెందిన గౌడీ గమ్ కంపెనీ 240 వరకు వరుస సంఖ్యలు వేసి, 106వ కార్డును మాత్రం ముద్రించకుండా వదిలింది. ఎన్ని పొట్లాలు కొన్నా, ఎవరితో మార్చుకున్నా దొరకని ఆ కార్డును, ఉత్తరాలు రాసి అడిగినవారికి 1934లో నెపోలియన్ లాజ్వే బొమ్మతో పంపవలసి వచ్చింది. పసివారి ఆశను పెట్టుబడిగా మార్చుకోవడం భాష్యకారుడు చెప్పిన హింసలోకే వస్తుంది.

న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో విద్యుత్ పరికరాల కర్మాగారంలో పనిచేసిన జెఫర్సన్ బర్డిక్ మార్గం వేరు. కీళ్లవాతంతో చేతులు వంగిపోతున్నా ఆయన కార్డులను సేకరించి, వాటికి వర్గీకరణ ఏర్పరచాడు. 1909-11 నాటి సిగరెట్ కార్డులను నేటికీ టీ206 అని పిలవడం ఆ వర్గీకరణ వల్లనే. 1947 నుంచి ఆయన తన సేకరణను న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంకు ఇస్తూ వచ్చాడు. అందులో 3 లక్షలకు పైగా ముద్రిత వస్తువులున్నాయి, వాటిలో 30 వేలకు పైగా బేస్‌బాల్ కార్డులే. వాటిని తానే ఆల్బములలో అతికించే పనిని 1963 జనవరిలో ముగించాడు, ఆ మార్చిలోనే మరణించాడు.

జిగురుతో అతికిన కార్డు మళ్లీ మార్పిడికి పనికిరాదు. బజారులో దాని విలువ తగ్గుతుందని నేటి సేకర్తలు బాధపడవచ్చు గాని, అపరిగ్రహ దృష్టితో చూస్తే ఆయన చేసిన పనులన్నిటిలోకి ఇదే గొప్పది. ఆర్జన, రక్షణ రెండింటి శ్రమనూ జీవితాంతం మోసి, సంగాన్ని మాత్రం తన చేతులతోనే తెంచుకున్నాడు. ఆ కార్డులలో కొన్నింటిని మ్యూజియం విడతలవారీగా ప్రదర్శిస్తూ ఉంటుంది.