ఓర్పు ఎవరి కోసం?

పనిలో కలిగే మానసిక ఒత్తిడిని ఉద్యోగి తట్టుకునే తీరును సంస్కృతి నిర్ణయిస్తుందని ఒక వాదం ఉన్నది. 1984లో లాజరస్, ఫోక్‌మన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఇందుకు రెండు మార్గాలు చెప్పారు: బాధ పెట్టే పరిస్థితిని మార్చడం ఒకటి, బాధపడే మనసును సర్దుకోవడం రెండోది. దీన్ని ఆసరా చేసుకుని, పాశ్చాత్యుడు మొదటి దారి పడతాడనీ, ప్రాచ్యుడు రెండో దానితో తృప్తి పడతాడనీ చెప్పేవాళ్లు బయలుదేరారు. ఇందులో కొంత నిజం లేకపోలేదు. ప్రమాదమంతా ఆ కొంత నిజంలోనే ఉన్నది.

అఫ్జల్‌గంజ్‌లో ఆ కొంత నిజం రోజూ కనిపిస్తుంది. ఉస్మానియా ఆస్పత్రి, రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, వాటి ముందు ఎడతెగని సిటీ బస్సులు. గ్రంథాలయం నుంచి వచ్చేటప్పుడు నేనిక్కడే బస్సు కోసం నిలబడతాను. బస్సు ఆలస్యమైతే తిట్లు తినేది కండక్టరు. 2023 డిసెంబర్ 9న స్త్రీలకు ఉచిత ప్రయాణం వచ్చింది. మంచి పనే. కాని కిక్కిరిసిన బస్సులో ఒక్కొక్కరికీ జీరో టికెట్ కొట్టి ఇవ్వవలసినదీ ఆ కండక్టరే. చాలాసార్లు ఆమే ఒక స్త్రీ. తోటివాళ్లు ఆమెకు చెప్పే ఓదార్పు తెలుగులో ‘ఓపిక పట్టు’, ఉర్దూలో ‘సబర్ కరో’. భాషలు రెండు, నీతి ఒకటే.

ఈ నీతిని వెక్కిరించడం మనబోటి చదువుకున్నవాళ్లకు తేలిక. నేను వెక్కిరించను. ఆస్పత్రిలో అయినవాణ్ని పోగొట్టుకున్న మనిషికి ఓర్పు తప్ప దిక్కేమున్నది? మార్చలేని దాన్ని భరించడానికి మన పెద్దలు కూడబెట్టిన బలం అది. కాని డ్యూటీ చార్టు మృత్యువు కాదు. దాన్ని మనుషులు రాశారు, మనుషులే తిరగరాయగలరు. ‘ఓర్చినమ్మకు తేటనీరు’ అంటారు. ఎగువన ఒకడు రోజూ నీళ్లు కలుపుతుంటే, దిగువన ఎంతకాలం కూచుంటే తేటనీరు దొరుకుతుంది?

పోనీ, ఓర్చుకోవడమే మన సంస్కృతి అందామా? 2019 అక్టోబర్ 5న, దసరా ముంగిట, సుమారు 48,000 మంది ఆర్టీసీ కార్మికులు సమ్మెకు దిగారు. వాళ్లంతట వాళ్లే ఉద్యోగాలు పోగొట్టుకున్నారన్నది ప్రభుత్వం. నిరాశతో కొందరు ప్రాణాలు తీసుకున్నారు. మిగిలినవాళ్లు 52 రోజులు నిలబడ్డారు; రోడ్ల మీద వంటావార్పు చేసి కలిసి తిన్నారు. ఈ వంటావార్పును ఆ రెండు మార్గాలలో దేని కింద వేస్తారు? దానితో మనసూ కుదుటపడింది, పోరాటమూ సాగింది. ఉద్యోగులను విడివిడిగా కూచోబెట్టి ప్రశ్నలడిగే శాస్త్రానికి ఇది అందదు. అయినా ఇదీ మన సంస్కృతే. సంస్కృతి ఒకే పాయగా పారదు. ఏ పాయ పైకి వస్తుందో శ్రామికుడి చేతిలో ఉన్న బలాన్ని బట్టి ఉంటుంది.

నవంబర్ 25న సమ్మె ముగిసింది. ఆర్టీసీని ప్రభుత్వంలో కలపాలన్న ప్రధానమైన కోరిక నెరవేరలేదు. డిసెంబర్ 1న ముఖ్యమంత్రి కార్మికులతో సమావేశమై పదవీ విరమణ వయస్సు 60 ఏళ్లకు పెంచారు, స్త్రీల డ్యూటీ రాత్రి 8 గంటలకు ముగియాలన్నారు. అదే నోటితో రెండేళ్లు యూనియన్లు వద్దన్నారు, వాటి స్థానంలో సంక్షేమ కమిటీలన్నారు. ఇచ్చినది ఉపశమనం, పుచ్చుకున్నది నోరు. ఆ తరువాత కార్మికుడు మౌనంగా ఉంటే, ‘సహనం వీరి సంస్కృతి’ అని రాసుకుపోయే పరిశోధకుడు ఫలితాన్ని కారణంగా భ్రమిస్తున్నాడన్నమాట.

కనుక ఓర్పును నీతిగా బోధించే ముందు మనం రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ బాధ మార్చలేనిదా? దీన్ని నేను ఓర్చుకుంటే లాభం ఎవరికి? ఏళ్ల తరబడి తాత్కాలిక ఉద్యోగంలో మగ్గే అధ్యాపకుడు కూడా ఈ ప్రశ్నలు తప్పించుకోలేడు. ఓర్పును వదులుకోమని నేననడం లేదు. 52 రోజులు జీతం లేకుండా నిలబడడమూ ఓర్పే. అయితే ఆ ఓర్పు యజమాని కోసం కాదు, తోటివాడి కోసం.