ఆటలోని తప్పు

వేసవిలో ముంజలు తినిన పిమ్మట మిగిలిన తాటికాయలతో పల్లెటూరి పిల్లలు బండి చేయుదురు. రెండు కాయలను ఒక పుల్లకు చెరియొక కొసను గ్రుచ్చి, ఆ పుల్లను పంగలకఱ్ఱతో త్రోయుచు వీథులవెంట పరుగెత్తుదురు. కాయలు రెండును సమానముగా లేకున్న బండి చిన్నకాయ వైపునకే తిరుగును. పుల్ల నడుమకు దిగకున్న కుంటును. అంతట బాలుడు వేఱొక కాయను వెదకును. ఇందు గురువు లేడు, పరీక్ష లేదు. ఐనను చక్రమును, ఇరుసును గూర్చి అతని చేతు లెఱిగినదానిని పాఠ్యపుస్తకము చాల ఆలస్యముగా, అదియు పటములో మాత్రమే చూపును.

చదువుకొన్న కుటుంబములవారము ఈ బండిని చూచి ముచ్చటపడుదుము గాని మన బిడ్డ చేతికి కత్తి యీయము. చేయి తెగునను భయము కొంత కలదు, అది న్యాయమైనదే. కాని దాని వెనుక, పనిముట్టు పట్టుట వడ్రంగి బిడ్డకే తగునను పాత తలంపు దాగియున్నది. సభలలో కులభేదమును ఖండించి యింట దానిని ఇట్లు నిలుపుకొనుచున్నాము. ఆడపిల్ల విషయము మఱియు చిత్రము. గుజ్జెనగూళ్ళు వండుకొమ్మని చిన్న గిన్నెలు కొనిపెట్టుదుము. సుత్తి కొనిపెట్టిన తండ్రి అరుదు.

ఇంతకును, బిడ్డ చేసిన వస్తువు ఎవరిది? పాఠశాలకు పంపవలసిన నమూనాను రాత్రి తండ్రి కూర్చుండి అందముగా చేసియిచ్చును. మార్కులు బాలునకు వచ్చును. లోకము దీనిని ప్రేమ యనును. నాకిది అపహరణముగా దోచుచున్నది. బాలుడు వంకరగా అతికించిన అట్టముక్క అతని యాలోచన. దానిని పెఱికి సరిగా నతికించునప్పుడు మనము పెఱికివేయునది ఆ యాలోచననే.

చేతిపనిని చదువునకు కేంద్రముగా నిలుపవలెనని 1937లో గాంధీమహాత్ముడు వార్ధా సభయందు ప్రతిపాదించెను. జాకీర్ హుస్సేన్ అధ్యక్షుడుగా నొక సంఘమును ఏర్పడెను. పనికి గౌరవము తెచ్చిన యత్నమది. ఐనను బాలురు చేసిన వస్తువుల విలువతో ఉపాధ్యాయుల వేతనములు క్రమముగా గడచునను ఆశ అందు కలదు. నూలు అమ్ముడుపోవలె నన్నచో తెగిన పోగు నష్టమగును. తప్పు నష్టమైనచోట బాలుడు క్రొత్తదానికి పూనుకొనడు. నేటి తలిదండ్రులు అదే ఫలమును నూలునకు బదులు మార్కులలో కోరుచున్నారు.

తప్పునకు వెల లేని చోటును యంత్రమునందు సైతము కల్పింపవచ్చును. 1967లో అమెరికాయందు సీమోర్ పాపర్ట్, సింథియా సాలమన్ మున్నగువారు బాలురకొఱకు లోగో అను కంప్యూటరు భాషను నిర్మించిరి. పిమ్మట దానికొక తాబేలు చేరెను. ఇంతదూరము నడువుము, కుడికి ఇన్ని డిగ్రీలు తిరుగుము అని ఆజ్ఞాపించిన అది గీత గీయుచు పోవును. సమబాహు త్రిభుజమున కోణము 60 డిగ్రీలని చదివిన బాలుడు ప్రతి మూలయందును 60 తిరుగుమనును. మూడు గీతలు పడును గాని త్రిభుజము మూయబడదు. సగము షడ్భుజి నిలుచును. తాబేలు తిరుగవలసినది వెలుపలి కోణము, 120 డిగ్రీలు. ఎవరును కోపపడరు. అదే యాజ్ఞను మఱి మూడు మారులు ఇచ్చినచో, కోరని షడ్భుజి పూర్తియై కన్నులయెదుట నుండును. ఇక 45 యిచ్చిన నేమగునో చూతమని అతనికి తనంతట తోచును.

మనము బిడ్డ చేతికిచ్చు ఫోను సాధారణముగా ఇట్టిది కాదు. వ్రేలితో త్రోసినకొలది బొమ్మలు వచ్చుచుండును. బిడ్డ చెడగొట్టుటకు అందేమియు లేదు. యంత్రము మంచిదా చెడ్డదా యను వాదమున నాకు ఆసక్తి తక్కువ. దానితో బిడ్డ ఏమి చేసినది, ఏమి చెడగొట్టినది అని యడుగుదును.

పేదయింట చెడిన కాగితము చెడిన ధనమే యనుమాట నిజము. అందుకు అరవింద్ గుప్తా ఏండ్ల తరబడి సమాధానము చూపుచున్నారు. అగ్గిపుల్లలను సైకిలు వాల్వు ట్యూబు ముక్కలతో కలిపి ఆయన పిల్లలచే ఆకృతులు కట్టించిరి. అట్లు కట్టిన చతురస్రము నొక్కిన ప్రక్కకు ఒరగును, త్రిభుజము ఒరగదు. పెంకుటింటి కప్పుక్రింద దూలములు త్రికోణముగా నేల కూర్చిరో బిడ్డ తలయెత్తి చూచువఱకు పెద్దలు నోరు మెదపక కూర్చుండగలరా? ట్యూబు ముక్కలు సైకిలు దుకాణమున ఊరకనే దొరకును.