దాచిన వ్యూహం అసత్యమా?

పెద్ద వీడియో గేమ్ పోటీకి సిద్ధమయ్యే ఏ టీమైనా ముందు తలుపులు మూసుకుంటుంది. ప్రత్యర్థులతో ఆడే సాధన మ్యాచ్‌లను ఆటగాళ్లు స్క్రిమ్‌లంటారు. అవి పాస్‌వర్డ్ ఉన్న సర్వర్లలో జరుగుతాయి. ప్రేక్షకులుండరు, స్కోరు బయటికి రాదు, ఏ ఎత్తు పారిందో ఏది బెడిసికొట్టిందో ఆ గది దాటదు. డోటా అయినా, లీగ్ ఆఫ్ లెజెండ్స్ అయినా, కౌంటర్‌స్ట్రైక్ అయినా ఇదే ఆచారం. ఆచారంగా చూస్తే ఇందులో ఆశ్చర్యపోవాల్సిందేమీ కనిపించదు. కానీ సత్యాన్ని మించిన ధర్మం లేదని చిన్నప్పటినుంచీ వింటూ పెరిగిన మనకు ఇక్కడొక ప్రశ్న ఎదురవ్వాలి. తనకు తెలిసినదాన్ని ఎదుటివాడికి తెలియకుండా కావాలని దాచి, ఆ దాపరికం బలంతోనే అతన్ని ఓడించడం సత్యవ్రతానికి సరిపడుతుందా? ఈ ఆటల్లో ఉన్నవాళ్లలో చాలామంది చిన్న వయసు కుర్రాళ్లు. నిజానికీ గెలుపుకీ మధ్య సంబంధం ఏమిటో వాళ్లు ఆ గదుల్లోనే నేర్చుకుంటున్నారు. అందుకే ఈ ప్రశ్నను ఆటల సంగతే కదా అని తీసిపారేయకూడదు. సరిపడుతుందనే నా వాదన. అయితే ఆ దాపరికానికి హద్దులున్నాయి, ఆ హద్దులను గట్టిగా పట్టుకోకపోతే వాదనే నిలవదు.

చెప్పకపోవడం వేరు, అబద్ధమాడటం వేరు అని తేల్చేస్తే పని అయిపోదు. నోరు విప్పకుండానే ఘోరమైన మోసాలు చేయవచ్చు. ఇంటి పునాది బీటలు వారిందని తెలిసీ మౌనంగా అమ్మేసినవాడు ఒక్క అబద్ధమూ ఆడలేదు, అయినా మోసగాడే. కాబట్టి మౌనంలో మంచి మౌనమేదో, చెడ్డ మౌనమేదో తేల్చే కొలత కావాలి. తత్వవేత్త సిసెలా బోక్ అబద్ధం మీద 1978లో, రహస్యం మీద 1982లో రెండు వేర్వేరు పుస్తకాలు రాసింది. అబద్ధం మొదటినుంచే తప్పు వైపు మొగ్గి ఉంటుంది కనుక దాన్ని సమర్థించుకునే భారం ఆడినవాడిదే, రహస్యాన్ని మాత్రం ముందే తప్పని అనలేం, దేన్ని దాస్తున్నారు, ఎవరినుంచి దాస్తున్నారు అన్నదాన్ని బట్టి చూడాలి అన్నది ఆమె వాదన. అలా చూడటానికి పనికొచ్చే పరీక్షను 1795లో శాశ్వత శాంతి గురించి రాసిన గ్రంథంలో కాంట్ ఇచ్చాడు. ఇతరుల హక్కులను తాకే ఏ పనైనా, దాని వెనక ఉన్న నియమాన్ని బహిరంగంగా ప్రకటించడానికి వీల్లేకపోతే అది అన్యాయమే అన్నాడు. ఆయన రాజ్యాల గురించి చెప్పిన మాట ఇది. అయినా ఆటకూ చక్కగా వర్తిస్తుంది. వ్యూహాన్ని ప్రకటించగలమా అని అడగనక్కర్లేదు. వ్యూహాన్ని దాస్తామన్న నియమాన్ని నలుగురి ముందు ప్రకటించగలమా అన్నదే ప్రశ్న.

కౌంటర్‌స్ట్రైక్ నుంచి ఒక చిన్న సంగతి తీసుకుంటే ఇది తేటపడుతుంది. ఐదుగురు ఐదుగురితో తలపడే ఆట అది. మిరాజ్ అనే మ్యాప్‌లో మధ్య దారి మీద నిఘా పెట్టడానికి వీలైన కిటికీ ఒకటుంది. దాడికి వచ్చే టీమ్ ఆ కిటికీని స్మోక్‌తో, అంటే పొగ బాంబుతో, కప్పేస్తే అక్కడ కాపు కాసినవాడికి కళ్లు కట్టేసినట్టే. కానీ అంత దూరం నుంచి విసిరిన స్మోక్ సరిగ్గా అక్కడే పడాలంటే ఒక మూలకు ఆనుకుని నిలబడాలి, ఎదురుగా పైన కనిపించే ఒకానొక గుర్తుకు గురి కలపాలి, గెంతుతూ వదలాలి. గురి కాస్త చెదిరితే స్మోక్ గోడకు కొట్టుకుని వేరేచోట పడుతుంది. ఈ కిటికీ స్మోక్ ఇప్పుడు ఆడేవాళ్లందరికీ వచ్చు. అలాంటి కొత్త కోణాలను వెతికే ఆటగాడు మాత్రం ఖాళీ సర్వర్లో ఒంటరిగా, విసిరిందే విసురుతూ గంటలు గడుపుతాడు. దొరికినదాన్ని టోర్నమెంట్ దాకా దాచుకుంటాడు. అతను దాస్తున్నాడని ప్రత్యర్థికి తెలుసు. ప్రత్యర్థీ అదే చేస్తున్నాడని ఇతనికీ తెలుసు. ‘మా దగ్గర కొత్త ఎత్తులున్నాయి, అవేమిటో చెప్పం’ అని విలేఖరుల ముందు హాయిగా అనేయవచ్చు. అలా అన్నందువల్ల వ్యూహం పాడవదు, ఎవరి హక్కూ పోదు. కాంట్ పరీక్షలో ఈ దాపరికం నెగ్గుతుంది.

ఆ పరీక్షలో నెగ్గని దాపరికమూ ఈ ఆటల చరిత్రలోనే ఉంది. 2012లో లీగ్ ఆఫ్ లెజెండ్స్ ప్రపంచ పోటీల్లో అజుబు ఫ్రాస్ట్ టీమ్ ఆటగాడొకడు తల తిప్పి, ప్రేక్షకుల కోసం పెట్టిన పెద్ద తెరమీద మినీమ్యాప్‌ను, అంటే ఆటగాళ్ల స్థానాలు చూపే చిన్న పటాన్ని, చూశాడు. నిర్వాహకులు ఫలితాన్ని మార్చలేదు గానీ టీమ్‌కు 30,000 డాలర్ల జరిమానా వేశారు. 2020 సెప్టెంబరులో ఈస్పోర్ట్స్ ఇంటెగ్రిటీ కమిషన్ 37 మంది కౌంటర్‌స్ట్రైక్ కోచ్‌ల మీద నిషేధం విధించింది. సాఫ్ట్‌వేర్‌లో ఒక లోపం వల్ల కోచ్‌కు మ్యాప్‌లో తను చూడకూడని చోటు కనిపించేది. దాని గురించి ఫిర్యాదు చేయాల్సింది పోయి వాళ్లు గుట్టుగా ఉండిపోయారు. ముందుగా ఒప్పుకున్నవాళ్లకు శిక్ష తగ్గించారు. ఈ మౌనాన్ని, స్మోక్ కోణం దాచుకున్నవాడి మౌనాన్ని పక్కపక్కన పెట్టి చూడండి. ఇద్దరూ మాట్లాడలేదు. కానీ ‘తెర కనిపిస్తే చూసేస్తాం, లోపం దొరికితే వాడేస్తాం’ అని ఏ కోచ్ అయినా మ్యాచ్‌కు ముందు ప్రకటించగలడా? ప్రకటించిన క్షణాన ఆ అవకాశమే పోతుంది. ఇక్కడ సమాచారంతోపాటు దాపరికాన్నీ దాచాల్సి వచ్చింది. అసత్యం మొదలయ్యేది సరిగ్గా అక్కడే.

మన ఇతిహాసం ఈ గీతను ఎప్పుడో గీసింది. పద్మవ్యూహంలోకి చొచ్చుకుపోయే విద్య అర్జునుడికి, కృష్ణుడికి, ప్రద్యుమ్నుడికి, అభిమన్యుడికి తప్ప మరెవరికీ తెలియదని ధర్మరాజే అంటాడు. ఆ విద్యను దాచుకోవడాన్ని మహాభారతంలో ఎవరూ అధర్మమనరు. పద్మవ్యూహం పన్నిన ద్రోణుణ్ని, వ్యూహం పన్నినందుకు ఎవరూ నిందించరు. వ్యూహం రణరంగంలో అందరి కళ్లముందూ నిలుస్తుంది, ఛేదించగలిగినవాడు ఛేదించుకోవచ్చు. నింద పడింది ఒంటరివాడైన అభిమన్యుణ్ని మహారథులంతా చుట్టుముట్టి, నిరాయుధుణ్ని చేసి చంపినందుకు. అదే ద్రోణ పర్వంలో ధర్మరాజు మరో పరీక్షలో ఓడిపోతాడు. అశ్వత్థామ చనిపోయాడన్న మాట పైకి చెప్పి, చనిపోయింది ఏనుగన్న సంగతి వినపడకుండా గొణిగాడు. అప్పటిదాకా నేలకు నాలుగంగుళాల ఎత్తున నడిచిన ఆయన రథం నేలకు దిగింది. ఆయన పలికిన మాటల్లో అక్షరాలా అబద్ధం లేకపోవచ్చు. కానీ తను నిజమే చెబుతాడని ద్రోణుడు పెట్టుకున్న నమ్మకాన్నే ఆయుధంగా వాడుకున్నాడు. వ్యూహం గురించి పెదవి విప్పనివాడు ఎవరి నమ్మకాన్నీ వాడుకోడు, ఎందుకంటే చెబుతాడని ఎవరూ అతన్ని నమ్మి కూర్చోలేదు.

ఇక్కడినుంచి చూస్తే స్క్రిమ్ కొత్తగా కనిపిస్తుంది. బయటివాళ్లకు అది మూసిన గది. లోపల మాత్రం రేపు తలపడబోయే ఇద్దరు ప్రత్యర్థులు ఈరోజు ఒకరికొకరు తమ అసంపూర్ణమైన ఆలోచనలను చూపించుకుంటున్నారు. మన దేశంలో బాగా ఆడే బీజీఎంఐ లాంటి ఆటల్లో ఒక స్క్రిమ్‌లో 16 టీమ్‌లు, 64 మంది ఆటగాళ్లు ఉంటారు. అంతమంది ఎదుట ప్రయోగాలు చేస్తూ ఇది ఇక్కడే ఉంటుందని నమ్మడం చిన్న విషయం కాదు. దాపరికం వెనక ఉన్నది అపనమ్మకమేనని అనుకుంటాం గానీ, ఈ దాపరికం నిలబడిందే పరస్పర విశ్వాసం మీద. అందుకే స్క్రిమ్‌లో చూసినదాన్ని మూడో టీమ్‌కు చేరవేయడం ద్రోహం, సాధనకని పిలిచి కావాలని ఒళ్లు దాచుకుని ఆడి ఎదుటివాళ్ల సమయం దోచుకోవడమూ ద్రోహమే. ఫుట్‌బాల్‌లో 2019 జనవరిలో ఈ విషయమే రచ్చకెక్కింది. ప్రత్యర్థి క్లబ్ డర్బీ సాధనను గమనించడానికి మనిషిని పంపింది తానేనని లీడ్స్ క్లబ్ కోచ్ బియెల్సా ఒప్పుకున్నాడు. ప్రత్యర్థి సాధనను చూడకూడదన్న నిబంధన అప్పటికి విడిగా లేదు, అయినా సద్భావంతో మెలగాలన్న నియమం కింద లీడ్స్‌కు 2,00,000 పౌండ్ల జరిమానా పడింది. మ్యాచ్‌కు ముందు 72 గంటల్లో ప్రత్యర్థి సాధనను చూడరాదన్న నిబంధన ఆ తర్వాతే వచ్చింది. రాసిపెట్టకముందే అక్కడ ఒక ధర్మం ఉందని అందరూ గుర్తించారన్నమాట.

దీనికి బలమైన అభ్యంతరం గాంధీజీ జీవితంలోనే దొరుకుతుంది. రహస్యాన్ని ఆయన పాపంగా ఎంచారు. ఉప్పు సత్యాగ్రహానికి బయలుదేరింది 1930 మార్చి 12న, తను చట్టాన్ని ధిక్కరించబోతున్నానని వైస్రాయ్ ఇర్విన్‌కు ఉత్తరం రాసింది మార్చి 2న. ఒక సామ్రాజ్యంతో పోరాడుతూ ఆయన వ్యూహాన్ని ముందే చెప్పగలిగితే, ఒక ఆట గెలవడానికి దాపరికం ఎందుకని అడగవచ్చు. ఈ మాటకు తలవంచాల్సిందే, కానీ రెండు పోరాటాల గురి ఒకటి కాదు. సత్యాగ్రహి ప్రత్యర్థి మనసును మార్చదలిచాడు, భయమూ అనుమానమూ తొలగకుండా మనసు మారదు, అందుకే అక్కడ అంతా తెరిచి ఉంచాలి. ఆటలో ప్రత్యర్థి కోరుకునేదే పరీక్ష. ముందెన్నడూ చూడని ఎత్తు ఎదురైనప్పుడు అప్పటికప్పుడు తనేం చేయగలడో తేల్చుకోవడానికే అతను అక్కడికి వచ్చాడు. ప్రశ్నపత్రం ముందే ఇచ్చేస్తే అతనికి మేలు చేసినట్టు కాదు, అతను వచ్చిన పనినే చెడగొట్టినట్టు. గాంధీజీ నుంచి ఆటగాడు తప్పక నేర్చుకోవాల్సింది వేరే ఉంది. అడిగితే ‘చెప్పను’ అనాలి తప్ప, తప్పుడు మాట చెప్పి దారి మళ్లించకూడదు. మ్యాచ్‌లో వేసే ఎర ఆటలో భాగం, దాన్ని ఇరుపక్షాలూ ఎరుగుదురు. మ్యాచ్ బయట, మనిషిగా మాట్లాడేటప్పుడు చెప్పే అబద్ధం అబద్ధమే.

రెండో అభ్యంతరం జ్ఞానం గురించి. విద్య పంచితే పెరుగుతుంది, దాస్తే చెడుతుంది అంటాం. నిజానికి ఏ ఆటగాడూ తన వ్యూహాన్ని శూన్యంలోంచి పుట్టించడు. వందల మంది ఆడిన మ్యాచ్‌లు చూసి, వాళ్ల ఎత్తులు విడమరిచి నేర్చుకుంటాడు. మన శాస్త్రాలు చెప్పే ఋషి ఋణం లాంటిది అతని మీదా ఉంది. అయితే పోటీయే ఆ ఋణం తీర్చుకునే చోటు. 2019లో షాంఘైలో 3.4 కోట్ల డాలర్లకు పైగా బహుమతి నిధితో జరిగిన డోటా ఇంటర్నేషనల్‌లో, తోటివాళ్లకు అండగా ఉండటానికి వాడే ఐయో పాత్రను ఓజీ టీమ్ ప్రధాన దాడికి వాడి టైటిల్ గెలిచింది. ఆ ఎత్తు వేదికెక్కాక ఇక వాళ్ల సొత్తు కాదు. డోటా మ్యాచ్‌ల రీప్లేలను ఎవరైనా తెరిచి, ఏ ఆటగాడి కంటితోనైనా చూడవచ్చు. ఈ రహస్యానికి గడువుంది, గడువు తీరాక అది లోకానిదవుతుంది. చదరంగంలోనూ ఇదే మర్యాద. 2024 డిసెంబరులో సింగపూర్‌లో ప్రపంచ విజేత అయ్యాక గుకేశ్ తన తెరవెనక సహాయకుల పేర్లు వెల్లడించాడు. వాళ్లలో గుంటూరువాడైన పెంటేల హరికృష్ణ ఒకడు. పోటీ జరిగినన్నాళ్లూ పేరు దాచడం వ్యూహం, ముగిశాక చెప్పడం కృతజ్ఞత. ఆ రెండోది చేయకపోతే మొదటిది చౌర్యానికి దగ్గరవుతుంది.

ఈ జవాబుతో తీరని భాగమొకటి ఉంది, దాన్ని ఒప్పుకోవాలి. మూసిన గదిలోకి ఎవరిని రానిస్తారన్నది బలవంతుల చేతిలో ఉంటుంది. పెద్ద టీమ్‌లు తమలో తామే స్క్రిమ్‌లు ఆడుకుంటే, డబ్బూ పేరూ లేని టీమ్‌కు గట్టి ప్రత్యర్థితో సాధన చేసే భాగ్యమే ఉండదు. బహిరంగంగా ప్రకటించగలిగినంత మాత్రాన ప్రతి నియమమూ న్యాయమైపోదని కాంట్ కూడా గుర్తించాడు, ఎందుకంటే బలవంతుడు తన ఉద్దేశాలను దాచాల్సిన అవసరమే ఉండదు. గురువు కాదన్నా తనంతట తాను నేర్చుకున్న ఏకలవ్యుడికి జరిగినదాన్ని మనం ఈనాటికీ జీర్ణించుకోలేకపోతున్నాం. కాబట్టి వ్యూహాన్ని దాచే హక్కుతోపాటు సాధన అవకాశాన్ని పంచే బాధ్యతా రావాలి. టోర్నమెంట్‌కు అర్హత పొందిన ప్రతి టీమ్‌కూ సాధన మ్యాచ్‌లు దొరికేలా చూడటం నిర్వాహకుల పని. మ్యాచ్ రికార్డింగులు అందరికీ ఉచితంగా, వెంటనే అందాలి. ఇవి లేనిచోట దాపరికం న్యాయమైన పోటీలో భాగం కాదు, కోటగోడ.

చివరి అభ్యంతరం అన్నిటికన్నా లోతైనది. దాచడం అలవాటైన మనసు ఎక్కడ ఆగాలో మరచిపోతుంది. ‘టీమ్ విషయాలు బయట మాట్లాడకు’ అన్న మాట వ్యూహంతో మొదలై జీతం ఎగ్గొట్టడం మీద, చేతి నొప్పితో ఉన్న కుర్రాణ్ని బలవంతంగా ఆడించడం మీద, పందెంరాయుళ్లతో లాలూచీ మీద కప్పే దుప్పటి కావచ్చు. ఈ ప్రమాదం నిజమే. కానీ దానికి మందు రహస్యాన్ని రద్దు చేయడం కాదు, మొదటినుంచీ మనం వాడుతున్న కొలతనే పట్టుబట్టి వాడటం. ‘మా వ్యూహాలు చెప్పం’ అని క్లబ్ ప్రకటించగలదు. ‘మా ఆటగాళ్లకు జీతాలు ఇవ్వం, ఆ సంగతి చెప్పనివ్వం’ అని ప్రకటించలేదు. మన ప్రాంతాల్లో కొత్తగా ఈ వృత్తిలోకి వస్తున్న పిల్లలూ, వాళ్లతోపాటు సంతకాలు పెట్టే తల్లిదండ్రులూ ఒప్పంద పత్రంలో చూడాల్సింది ఇదే. ఏది రహస్యం, ఎప్పటిదాకా రహస్యం అన్నది అందులో స్పష్టంగా రాసి ఉండాలి. ఒంటికీ, డబ్బుకీ, మానానికీ సంబంధించినదేదీ ఆ రహస్యంలో చేరదని కూడా రాసి ఉండాలి. దాచినదాన్ని వేదిక మీద ఆడి చూపే కుర్రాడు సత్యవ్రతానికి దూరమేమీ కాలేదు. అతని నోరు కుట్టేసి తమ తప్పులు దాచుకునే పెద్దలే దాన్ని భంగం చేస్తున్నారు, లెక్క అడగాల్సింది వాళ్లనే.