రెండు రెక్కల బీరువా

గోదావరి ఒడ్డున ఒక ఊళ్లో ఓ రంగుల మేస్త్రి ఉండేవాడు. ఆయన దగ్గర ఇద్దరు కుర్రాళ్లు పని నేర్చుకునేవారు. ఆ ఊరి కామందు ఇంట్లో పెళ్లి కుదిరింది. వంటింట్లో తాతల నాటి టేకు బీరువా పొగకీ నూనె చేతులకీ జిడ్డోడుతోంది, పాత రంగు పెచ్చులు లేచిపోయింది.

"పెళ్లి పది రోజుల్లో పడింది మేస్త్రీ. దీనికి రంగు ఎప్పుడేస్తావు?" అన్నాడు కామందు.

మేస్త్రి బందులు ఊడదీసి, రెక్కొకటి చొప్పున కుర్రాళ్లకి అప్పగించాడు.

పెద్దవాడు తడిగుడ్డతో పైపైన తుడిచి, ఆ సాయంత్రానికే ఆకుపచ్చ ఎనామిల్ పూసేశాడు. అందులో ముఖం చూసుకోవచ్చు. కామందు మురిసిపోయి చేతిలో నోటు పెట్టాడు.

చిన్నవాడు సోడా నీళ్లతో జిడ్డు కడిగి, తడి మీదే పాత రంగంతా గీకి, మంచినీళ్లు పోసి నీడన ఆరబెట్టాడు. బాగా ఆరాక 80 నంబరు ఉప్పుకాగితంతో, తర్వాత 120తో నార వెంబడి రుద్దాడు. అడ్డంగా రుద్దితే ఆ గీతలు రంగు వేశాక కూడా కనిపిస్తాయి. దుమ్ము తుడిచి ప్రైమర్ వేశాడు. అది ఆరాకే మేకు కంతలకి లప్పం పెట్టాడు. వట్టి చెక్క మీద పెడితే అందులోని నూనె చెక్క తాగేస్తుంది, లప్పం పొడిపొడిగా రాలిపోతుంది. ఆ పైన 220తో రుద్ది, మళ్లీ ప్రైమర్.

రోజులు గడుస్తున్నాయి గానీ రెక్క ఇంకా తెల్లగా పాలిపోయే ఉంది. చుట్టాలు నవ్వారు. "వీడికి రంగు డబ్బా మూత తియ్యడం రాదా?" అన్నాడు కామందు. మేస్త్రి బదులు చెప్పలేదు. కళ్లు మూసుకుని రెక్క మీద అరచెయ్యి ఆడించి, ఒక మూల ఆగి, "ఇక్కడింకా గరుకుందిరా" అన్నాడు.

చివరికి చిన్నవాడూ అదే ఆకుపచ్చ పూశాడు. పెళ్లి నాటికి రెండు రెక్కలూ బిగించారు. చూపుకి తేడా లేదు. కూలి దగ్గరే తేడా వచ్చింది. పని సాగదీశాడని చిన్నవాడికి సగం కోసేశాడు కామందు.

శ్రావణంలో ముసురు పట్టింది. పెద్దవాడి రెక్క మీద, పిడి చుట్టూ, రంగు బుడగలు లేచింది. గోటితో లాగితే అరచేతి వెడల్పున పొర ఊడొచ్చింది. దాని వెనక జిడ్డు అలాగే ఉంది. పక్క రెక్క చెక్కుచెదరలేదు.

"ముందే చెప్పొద్దూ?" అని నిలదీశాడు కామందు.

"రంగు ఎప్పుడేస్తావని అడిగారు బాబుగారూ, రుద్దుడు ఎప్పటికవుతుందని అడగలేదు. మెరుపుకి నోటిచ్చారు, రుద్దిన చేతికి కోతపెట్టారు. మీరు దేనికి డబ్బిస్తారో మా పెద్దాడు అదే నేర్చుకున్నాడు."

(మేస్త్రి తప్పూ లేకపోలేదు. ఆ సాయంత్రమే వాడి చెయ్యి పట్టుకుని ఆపాల్సింది.)

నీతి: కనిపించే పనికే కూలి కడితే, కనిపించని పని చేసేవాడు మిగలడు.

పాత కుర్చీకో తలుపుకో రంగు వేయించేవాళ్లు బేరం రంగు డబ్బా దగ్గర మొదలుపెట్టకండి. కడగడానికీ, రుద్దడానికీ, లప్పానికీ విడిగా కూలి మాట్లాడండి. ముసురు రోజుల్లో పని పెట్టుకోకండి. పాత రంగుని మాత్రం పొడిగా రుద్దనివ్వకండి, తడిపి గీకించండి; దాని దుమ్ములో సీసం ఉండొచ్చు. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నియమం అమల్లోకి వచ్చింది 2017 నవంబరులోనే.