సెరంగూన్ రోడ్డు తులాధారుడు

జడల్లో పిచ్చుకలు గూడు కట్టి పిల్లల్ని పెట్టినా కదలకుండా తపస్సు చేసిన జాజలికి, ధర్మంలో తనను మించినవాడు లేడన్న గర్వం కలిగింది. అప్పుడు వినిపించిన అదృశ్యవాణి ఆయన్ను కాశీలోని తులాధారుడితో పోల్చి తక్కువ చేసింది. వెతుక్కుంటూ వెళ్లిన మునికి కనిపించింది ఆశ్రమం కాదు, అంగడి. అందరికీ ఒకే తూకం తూచడమే తన వ్రతమన్నాడా వర్తకుడు. మహాభారతం శాంతిపర్వంలోని కథ ఇది.

వ్యాపారానికీ ఆధ్యాత్మికతకూ చుక్కెదురని భావించేవాళ్లు సింగపూర్ సెరంగూన్ రోడ్డు చరిత్ర తప్పక తెలుసుకోవాలి.

ఈరోజు లిటిల్ ఇండియాగా పిలిచే ఆ ప్రాంతం ఒకప్పుడు పశువుల వ్యాపారానికి పేరు. బఫెలో రోడ్ అన్న వీధి పేరు ఆనాటిదే. పశువుల పనికి, సున్నపు బట్టీల పనికి వచ్చిన భారతీయులు చుట్టుపక్కలే స్థిరపడ్డారు. తర్వాత పశువులు పోయాయి, మనుషులు మిగిలారు. వాళ్లకు పప్పూ ఉప్పూ కావాలి, పండక్కి చీర కావాలి, మొక్కుకోవడానికి గుడి కావాలి.

1905లో తంజావూరు ప్రాంతంలోని మాయవరం నుంచి, ఇంట్లో చెప్పకుండా ఓడెక్కి వచ్చిన పద్దెనిమిదేళ్ల కుర్రాడు పి. గోవిందస్వామి పిళ్లై. ఒక కిరాణా కొట్టులో పనికి కుదిరారు. మొదట్లో తిండీ, పడుకునే చోటే జీతం. ఏళ్ల తరబడి అక్కడే చాకిరీ చేసి, చివరికి అప్పు తెచ్చి ఆ కొట్టునే కొన్నారు. తర్వాత చీరల దుకాణాలు, మసాలా మిల్లు వచ్చాయి. సెరంగూన్ రోడ్డులో ‘పి.జి.పి.’ అన్న మూడక్షరాలు ఇంటింటికీ తెలిసిన పేరయ్యాయి. ఒక వీధి బజారుగా ఎదగడం ఒక్కరి వల్ల అయ్యేది కాదు. కానీ ఆ ఎదుగుదలలో ఆయన పాలు పెద్దది.

అదే రోడ్డు మీద పెరుమాళ్ కోవెల ఉంది. 1851లో హిందూ పెద్దలు ఈస్టిండియా కంపెనీ దగ్గర 26 రూపాయల 8 అణాలకు కొన్న స్థలమది. మొదట నరసింహ పెరుమాళ్ ఆలయం. 1960లలో శ్రీనివాస పెరుమాళ్ ఆలయమైంది. తిరుమలకు దూరంగా బతుకుతున్న తెలుగువాళ్లకు ఆ స్వామి పరాయివాడెలా అవుతాడు? తైపూసం పండగనాడు కావళ్లెత్తిన భక్తులు ట్యాంక్ రోడ్ మురుగన్ గుడికి బయల్దేరేది ఇక్కణ్నుంచే. దాదాపు ఇరవై మీటర్ల రాజగోపురం పిళ్లై గారి విరాళమే.

గోపురం అందరి కంటా పడుతుంది. కానీ ఆయన ఇచ్చిన వాటిలో ఆలయ ప్రాంగణంలోని పి.జి.పి. కల్యాణ మండపమే గొప్పదనిపిస్తుంది. గోపురం దేవుడికి, మండపం ఆ దేవుణ్ని నమ్ముకుని పరాయి నేల మీద పిల్లల పెళ్లిళ్లు చేసే తల్లిదండ్రులకు. ఇరుకు గదుల్లో కాపురాలుండే చోట నలుగుర్నీ పిలిచి, స్వామి సన్నిధిలో తాళి కట్టించే వసతి చిన్నదేమీ కాదు. సింగపూర్‌లో రామకృష్ణ మిషన్‌కూ, భారతీయ వర్తక సంఘానికీ కూడా ఆయన అండగా నిలిచారు.

పిళ్లై గారు 1980లో కన్నుమూశారు. ఆయన దుకాణాలూ కాలక్రమంలో మూతపడ్డాయి. మండపంలో మాత్రం ఇప్పటికీ పెళ్లిళ్లు జరుగుతున్నాయి.