గట్టు ఎత్తు

మేస్త్రీ కూలీ మిగులుతుందని మదనపల్లెలో మా వంటింటి గట్టు నేనే కట్టాను. కుప్పం గ్రానైటుకు పేరుపడ్డ ఊరు గదా, అక్కడికే వెళ్లి కోతలో మిగిలిన ముక్కలు చవగ్గా తెచ్చాను. తిరుగుదారిలో పుంగనూరు ఆవు కనబడింది. సుమారు మూడడుగులు. మన గట్టుకూ ఇంతెత్తు చాలనుకున్నాను.

ఆవుకది పొట్టి, మా ఆవిడకది పొడుగు! మొదటిరోజే పీటెక్కి పప్పు ఎనిపింది.

“బాగానే ఉంది గానీ, నన్నొకసారి నిలబెట్టి కొలిచుంటే పోయేది కదండీ!” అంది.

సిమెంటుకూ ఇసుకకూ పైసలతో లెక్కరాసిన నేను, ఆమె భుజాల నొప్పికి పద్దే రాయలేదు. పొదుపు మంచిదే. కానీ ఎవరి ఒంటిమీద పొదుపు చేస్తున్నామో అడక్కపోతే, అది పొదుపా, దోపిడీయా?

ఆదివారం గట్టు విప్పాను. ఈసారి టేపు ఆమె చేతికిచ్చాను.