ఇంట్లోనే ఉండేదండీ

ఆ సాయంత్రం మా అమ్మాయి యూనివర్సిటీ నుంచి వస్తూనే చెప్పులు గుమ్మంలో వదిలేసి, "అమ్మా, ఇవాళ మాకు డిస్కౌంటింగ్ చెప్పారు" అంది. నేను కందిపప్పు బాగుచేసుకుంటున్నాను. "ఎంత శాతమే? ఆషాఢం ఇంకా రాలేదుగా!" అన్నాను. చీరల దుకాణంలో తప్ప డిస్కౌంటు అనే మాట నేనెక్కడ విన్నాను గనక? అది నెత్తి కొట్టుకుని, నా పక్కనే పీట వేసుకు కూర్చుంది.

మాది నాచారం. పిల్ల హబ్సిగూడ మీదుగా తార్నాక చేరి, ఉస్మానియాలో ఎం.బి.ఏ. చదువుతోంది. 1918లో పెట్టిన ఆ యూనివర్సిటీ మాకింత దగ్గర్లో ఉన్నా, అక్కడి పాఠం మా వంటింటి దాకా రావడం అదే మొదటిసారి.

పాఠం ఇదీ. ఒక వస్తువు విలువ ఎంత? మనం దాన్ని ఎంతకు కొన్నామన్నది కాదట. పక్కవాడు ఎంతిస్తానంటున్నాడన్నదీ కాదట. ఇకముందు అది మనకి ఏయే ఏడు ఎంతెంత తెచ్చిపెడుతుందో లెక్కవేసి, ఆ మొత్తాన్ని ఈరోజు విలువకి కుదించి కూడితే, అదీ దాని అసలు విలువట. కుదించడం ఎందుకంటే, రేపొచ్చే రూపాయి ఇవాళ్టి రూపాయంత కాదు. నూటికి పది వడ్డీ అనుకుంటే, వచ్చే ఏడు అందే 110 రూపాయలు ఇవాళ్టి 100తో సమానం. రెండేళ్లకి అందే 121 కూడా ఇవాళ్టి 100తోనే సమానం. ఏటా వెయ్యి రూపాయల చొప్పున ఎప్పటికీ కాసే చెట్టొకటి ఉంటే, దాని విలువ పదివేలు. జాన్ బర్ విలియమ్స్ అనే అమెరికా ఆయన 1938లో దీనిమీద ఏకంగా ఒక పుస్తకమే రాశాడట.

"ఇంతేనా!" అన్నాను. "మన చీటీ పాటలో జరిగేదీ ఇదేగా. డబ్బు అవసరమైనావిడ మొదటి నెలల్లో తక్కువకే పాడుకుంటుంది. ఆఖరుదాకా ఆగినావిడ పూర్తిగా తీసుకుంటుంది. దీనికి యూనివర్సిటీ దాకా వెళ్లాలా?"

అమ్మాయి కాసేపు నాకేసి అలాగే చూసి, నోట్సు తీసి ఏదో రాసుకుంది. అంత గొప్పగా నేనెప్పుడూ ఫీలవలేదంటే నమ్మండి.

ఆ ఉత్సాహంలో వాళ్ల నాన్న మీద కూడా పాఠం ప్రయోగించింది. ఉప్పల్ అవతల మాకో చిన్న ప్లాటు ఉంది. 2017 నవంబరులో ఉప్పల్ మీదుగా మెట్రో నడవడం మొదలయ్యాక మావారు దాని ధర గురించి మాట్లాడని ఆదివారం లేదు. "నాన్నా, దాని మీద అద్దె వస్తోందా? పంట వస్తోందా? మరి నీ తర్వాత కొనేవాడి ఆశ తప్ప దానికి విలువేముంది?" అంది. ఆయన పేపరు మడిచి వాకిట్లోకి వెళ్లిపోయారు.

"ఇంతకీ మీ సూత్రం ఎప్పుడూ తప్పదా?" అని అడిగాను. "సూత్రం తప్పదమ్మా. అందులో వేసే అంకెలు తప్పుతాయి" అని సత్యం కథ చెప్పింది. మన హైదరాబాదు కంపెనీయేగా, మీకూ గుర్తుండే ఉంటుంది. 2009 జనవరి 7న దాని ఛైర్మన్ రామలింగరాజు, ఖాతాల్లో చూపించిన డబ్బులో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవని ఉత్తరం రాశాడు. ముందురోజు 179 రూపాయల దగ్గరున్న షేరు ఆ ఒక్కరోజులో 40కి పడిపోయింది. లేనిది ఉన్నట్టు రాస్తే, ఎంత మంచి సూత్రమైనా అబద్ధమే చెబుతుంది.

ఆ రాత్రికి ఇదంతా నాకో సరదా కబురు. నాలుగు రోజుల తర్వాత సరదా కాకుండా పోయింది.

మా వెనక వీధి ఆవిడ పోయినేడాది ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర లారీ గుద్ది పోయింది. ముప్ఫై ఎనిమిదేళ్లు. ఇద్దరు పిల్లలు. ఆయన పారిశ్రామిక వాడలో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. ఎవరో చెబితే నష్టపరిహారం కోసం ట్రిబ్యునల్లో కేసు వేశాడు. ఆవేళ అక్కణ్ణుంచి నేరుగా మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. మంచినీళ్లిస్తే గ్లాసు చేతిలో పట్టుకున్నాడే గాని తాగలేదు.

"ఇన్సూరెన్సు తరఫు ప్లీడరు, మీ ఆవిడ ఏం చేసేదని అడిగాడు వదినగారూ. ఏమీ చేసేది కాదండీ, ఇంట్లోనే ఉండేదండీ అన్నాను. అలాగే రాసుకున్నారు. బయటికొచ్చాక అనిపించింది, నేనేం మాటన్నానూ అని."

ఆ మనిషి అబద్ధం చెప్పలేదు. మనింట్లో మగవాళ్లని అడిగినా అదే చెబుతారు. అంతెందుకు, ఫారాల్లో వృత్తి అన్నచోట నేను ఎన్నిసార్లు అడ్డగీత గీసి ఊరుకోలేదూ?

లోపల వింటున్న మా అత్తగారికి మాత్రం కోపం వచ్చింది. ఆయన వెళ్లాక, "పోయిన మనిషికి వెల కట్టడమేమిటే? ఆ డబ్బుతో అన్నం ఎలా సయిస్తుంది? పాపం కాదూ!" అంది. అమ్మాయి ఊరుకోలేదు. "కట్టకపోతే పుణ్యం రాదు బామ్మా. ఆ గడిలో సున్నా వేస్తారు. ఆ సున్నా ఆవిడకి కాదు, ఆ పిల్లలకి పడుతుంది."

ఈ ఇద్దరిలో ఎవరిది న్యాయం? నేను రెండు రాత్రులు దీని గురించే ఆలోచించాను. ఇల్లాలు ఇంటికి దీపం అంటారు. దీపం అన్నాక వెలుగు పొగుడుతారు గాని, నూనె ఎంత ఖర్చయిందో ఎవరూ రాయరు. "అమ్మ చేసిన దానికి వెల కట్టగలమా" అన్న మాట వినడానికి ఎంతో బావుంటుంది. కాని ఆ మాట అన్నవాళ్లే ఆ తర్వాత చప్పుడు చేయకుండా సున్నా వేస్తారు. వెల కట్టలేనిదీ, వెల లేనిదీ కాగితం మీద ఒక్కలాగే కనిపిస్తాయి. సత్యంలో లేనిది ఉన్నట్టు రాశారు. మన విషయంలో ఉన్నది లేనట్టు రాస్తున్నాం. రెండూ తప్పుడు లెక్కలే.

కోర్టులు మనకన్నా ముందే ఇది గ్రహించాయని అమ్మాయి చూపించాక తెలిసింది. 2001లో లతా వాధ్వా కేసులో సుప్రీంకోర్టు గృహిణి సేవలకి నెలకి 3,000 రూపాయలు లెక్కకట్టింది. 2009లో సరళా వర్మ కేసులో, ఏడాది నష్టాన్ని ఏ వయసుకి ఎన్ని రెట్లు చేయాలో పట్టిక ఇచ్చింది. 36 నుంచి 40 ఏళ్ల వాళ్లకి 15, 51 నుంచి 55కి 11, 65 దాటితే 5. ముప్ఫై ఎనిమిదేళ్ల మనిషి ఇంకా ముప్ఫై ఏళ్లు చేసేదిగా, పదిహేనేమిటంటే, డబ్బు ఒక్కసారిగా ఇప్పుడే చేతికొస్తుంది కదా, దాని మీద వడ్డీ వస్తుంది. అదే డిస్కౌంటింగ్. కోతలూ కలుపులూ పక్కనపెట్టి, 2001 నాటి ఆ మూడువేలే తీసుకున్నా ఏడాదికి 36,000, దానికి పదిహేను రెట్లు 5,40,000. సున్నా మాత్రం కాదు.

2021 జనవరిలో ఇంకో తీర్పు వచ్చింది. అందులో మన అప్పటి కృష్ణా జిల్లా పొన్నవరం నుంచి వెళ్లిన జస్టిస్ ఎన్.వి. రమణ ప్రత్యేకంగా రాసిన మాటల సారం ఇది: గృహిణికి ఆదాయం లెక్కకట్టడమంటే ఆమె శ్రమని గుర్తించడమే. 2011 జనాభా లెక్కల్లో ఇంటిపనే తమ ముఖ్యమైన పని అని చెప్పుకున్న ఆడవాళ్లు దాదాపు 16 కోట్లు, మగవాళ్లు 58 లక్షల లోపు అని ఆయన గుర్తుచేశారు. 2019 నాటి ప్రభుత్వ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని మీద ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు గడుపుతున్నారట. మావారి వాటా ఆ 97 దాకా కూడా రాదని నా అనుమానం. పోనీలెండి.

కనక అమ్మాయిదే న్యాయం అని తేల్చేద్దామనుకున్నాను. అంతలో మా అత్తగారు, "నా వయసుకి ఎంతన్నారే?" అని అడిగింది. "ఐదు బామ్మా." ఆవిడ కాసేపు ఊరుకుని, "ఐదే? ఇంతవరకు చేసిందంతా ఏమైంది?" అంది.

అమ్మాయి దగ్గర సమాధానం లేదు. ఆ పాఠంలోనే లేదు మరి. వాల్యుయేషన్ ఎప్పుడూ ముందుకే చూస్తుందట. గడిచినది ఎంత ఖర్చయినా, ఎంత కష్టమైనా లెక్కలోకి రాదు. షేరు కొనేవాడికి అది సరే. కాని నలుగురు పిల్లల్ని పెంచి, మామగారిని మంచంలో ఆరేళ్లు చూసుకున్న మనిషిని మనం దగ్గర పెట్టుకునేది, ఇకముందు ఆవిడ ఏం తెచ్చిపెడుతుందని కాదుగా? విలువ కట్టడం ముందుకి చూస్తే, కృతజ్ఞత వెనక్కి చూస్తుంది. నాకు తోచినంతవరకు, ఇంటికి రెండు పుస్తకాలూ కావాలి. కోర్టులో, ఇన్సూరెన్సు ఫారంలో, ఆస్తి పంపకాల్లో మొదటి పుస్తకం తెరవాలి. అక్కడ మొహమాటపడి సున్నా వేయనివ్వకూడదు. ఇంట్లో మాత్రం రెండో పుస్తకం మూయకూడదు. ఆడవాళ్లకి జరిగే అన్యాయమల్లా, కోర్టులో కృతజ్ఞత మాటలు చెప్పి, ఇంట్లో లెక్కలు తీయడం వల్లే.

మర్నాడు అమ్మాయి ఒక నోటుబుక్కు పట్టుకుని వెనక వీధికి వెళ్లింది. ఆయన చేత ఆవిడ రోజంతా చేసే పనులు చెప్పించి రాస్తే, వకీలు చేత మళ్లీ చెప్పించవచ్చని దాని ఆలోచన. నేనూ వెళ్లి కూర్చున్నాను. నల్లా వచ్చే వేళకి లేచి నీళ్లు పట్టడం దగ్గర మొదలెట్టాడు. పిల్లల డబ్బాలు, వాళ్ల అమ్మకి మందులు, సాయంత్రం ఇరుగుపొరుగు బట్టలకి ఫాల్స్ కుట్టడం. ఫాల్స్ సంగతి చెబుతూ ఆగిపోయి, "ఆ డబ్బుతోనే పిల్లల ఫీజు కట్టేది" అన్నాడు, తనకే ఇప్పుడు తెలిసినట్టు. మూడు పేజీలు నిండాయి. నాలుగో పేజీలో చిన్నపిల్ల అందుకుని, "రాత్రి నాకు భయమేస్తే పక్కన పడుకునేది, అది కూడా రాయక్కా" అంది.

మా అమ్మాయి రాసింది. ఎదురుగా గంటకింత అని వేయాల్సిన గడి మాత్రం ఖాళీగా వదిలేసింది.

కేసు ఇంకా తేలలేదు. నేను మాత్రం ఈమధ్య బ్యాంకులో ఇచ్చిన ఫారంలో వృత్తి అన్నచోట అడ్డగీత గీయలేదు. 'గృహిణి' అని, కాస్త పెద్ద అక్షరాలతోనే రాశాను.